ఇరవైకి ఇరవై
రెండు నర్సింగ్ కాలేజీలను కలిపి ఒకటి చేయాలని యూనివర్సిటీ తీర్మానించినప్పుడు ప్రిన్సిపల్ మేడం ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఆవిడ ఏడవలేదు. కోపమూ రాలేదు. పన్ను పీకే ముందు చిగురుకు మత్తు ఇచ్చినట్టు, నాలుగు నెలలుగా ఆవిడకు ఏదీ తగలడం లేదు. మీటింగుల్లో తల ఊపింది. పెట్టమన్న చోటల్లా సంతకం పెట్టింది. కొత్త బోర్డుకు ఏ రంగు బావుంటుందని అడిగితే, అదేదో తన పెళ్లి పందిరి అయినట్టు, నీలం అని కూడా చెప్పింది.

ఆఖరికి వార్డు పాఠాలు చెప్పేవాళ్లలో ఒకరు ఎక్కువయ్యారు, ఎవరిని తీసేయాలో పేరు పంపమన్నారు. ఉన్నదే ఇద్దరు. ఒకరు నిన్నగాక మొన్న చేరిన టీచరు, కొత్త యంత్రాలన్నీ తెలిసిన పిల్ల. రెండోది ప్రిన్సిపల్ సొంత వదిన. పదో తరగతి తప్పి మూలన కూర్చున్న ఆడపడుచును లేపి, మళ్లీ పరీక్ష రాయించి, చేయి పట్టుకుని నాడి చూడటం నేర్పిన వదిన. ఆ ఆడపడుచే ఇప్పుడు వదిన నెత్తిన ప్రిన్సిపలై కూర్చుంది. ఉదయం తొమ్మిదింటికి వదిన పేరు రాసి పంపేసింది. ఉత్తరం నాలుగింటికి వదిన చేతికి వస్తుంది. ఈలోగా తనే చెప్పాలి. మీనమేషాలు లెక్కపెడుతూ మూడున్నర చేసింది.

వదిన ప్రాక్టీసు గదిలో ఉంది. ఆరు మంచాలు, ఆరు బొమ్మలు, గడ్డాల దాకా దుప్పట్లు. రోగి బంధువులకు చెడు వార్త ఎలా చెప్పాలన్నది ఆ రోజు పాఠం. ఒకరు నర్సు, ఒకరు బంధువు. మిగతావాళ్లు మార్కుల కాగితం పట్టుకుని టిక్కులు పెడతారు. నర్సుగా కూర్చున్న అమ్మాయి అరగంట నుంచి నీళ్లు నములుతోంది.

"చాల్లే తల్లీ, నువ్వు చెప్పేలోపు ఆ బంధువు కూడా మంచమెక్కేలా ఉంది," అంది వదిన. అంతలో గుమ్మంలో ప్రిన్సిపల్‌ని చూసింది. "రండి మేడం, మీరే చేసి చూపించండి వీళ్లకి. బంధువుని నేను."

పనుందని తప్పించుకోవచ్చు. కానీ ఎదురుగా కుర్చీ ఉంది, ఏ మాట తర్వాత ఏ మాటో వరసగా రాసిన కాగితం ఉంది. పదేళ్ల కిందట ఆ కాగితం తయారుచేసింది ఆవిడే. వెళ్లి కూర్చుంది.

"ఇప్పటిదాకా మీకేం తెలుసు?"

"ఏం తెలీదమ్మా, ఎవరూ ఏమీ చెప్పట్లేదు," అంది వదిన గొంతు వణికిస్తూ. అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

"మీకో చెడు వార్త చెప్పాలి." ఆగింది. మనసులో మూడు లెక్కపెట్టింది. "వార్డు టీచర్లలో ఒకరిని తీసేస్తున్నారు. మీ పేరు వెళ్లింది. నాలుగింటికి ఉత్తరం వస్తుంది."

కాగితాల మీద పెన్సిళ్లు కదిలాయి. వదిన మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, మెల్లగా పోయింది.

"పేరు ఎవరు రాశారు?"

"నేనే."

"అబ్బ, నిజంగా జరిగినట్టే ఉంది కదే," అని వెనక ఎవరో గుసగుసలాడారు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, పిల్లల ముందు పాఠం మధ్యలో లేచిపోవడం వదినకు చేతకాలేదు. కాగితం ప్రకారం ప్రిన్సిపల్ తర్వాత చేయాల్సింది, ఎదుటి మనిషిని మౌనంగా ఉండనివ్వడం. ఉండనిచ్చింది. ఆ తర్వాతది, చేయి పట్టుకోవచ్చా అని అడగడం. అడిగింది. వదిన చేయి ఇచ్చింది. చల్లగా ఉంది. అంతకు మించి ఆవిడకు ఏమీ అనిపించలేదు. అనిపించనందుకు మాత్రం కొంచెం భయమేసింది.

అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. వదిన వాళ్లను టీకి పంపేసింది.

"నన్ను అడిగినా నా పేరే రాసేదాన్ని," అంది, తలుపు మూసుకున్నాక. "ఆ పిల్లకి ముందు బోలెడు సర్వీసుంది. నా బాధ అందుకు కాదే. వంటింట్లోకొచ్చి, వదినా అని పిలిచి చెప్పాల్సిన మాట ఇది."

"నువ్వే కదా కూర్చోమన్నావ్."

"కూర్చోమన్నాను. ఇది చెప్పమన్నానా?"

అంతలో ఒక అమ్మాయి తిరిగొచ్చి మార్కుల కాగితం చాపింది. "ఇరవైకి ఇరవై వేశాం మేడం. టీచర్ సంతకం కావాలి."

వదినే అందుకుంది. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో టిక్కు మీదా వేలు పెట్టి కింది దాకా చూసింది. ఎక్కడా తప్పు దొరకలేదు. సంతకం చేసి ఇచ్చేసింది.