ఏడున్నర గంటలు ముందొచ్చిన మొగ్గ

మొగ్గ ఎప్పుడు విచ్చుకుంటుందో గులాబీ వదినకి తెలిసినంతగా ఆ మొగ్గకి కూడా తెలియదు. మొక్కల నర్సరీ నడిపే ఆమెను పేటలో అందరూ అలాగే పిలుస్తారు. తొమ్మిదేళ్లు రకానికి రకం కలిపి, వందల మొక్కలు పీకి పారేసి, చివరికి ఒక కొత్త గులాబీని నిలబెట్టింది. లోపల పసుపు, అంచున ముదురు ఎరుపు. దానికింకా పేరు లేదు. ఎక్కడో దూరాన ఉన్న నగరంలో జరిగే పోటీలో మొదటి బహుమతి వస్తే, పెంచినవాళ్లు పెట్టిన పేరే లోకమంతా నిలుస్తుంది. రాకపోతే కుండీ మీది అంకెతోనే బతుకు.

ప్రయాణం లెక్కలు వెంట వచ్చే ఆమె మరిదివి. అతను తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

"ఇవాళ పొద్దున ఎనిమిదికి ఎక్కుతాం, రేపు పొద్దున ఎనిమిదికి దిగుతాం. టికెట్టు మీదే ఉంది వదినా. ఇరవై నాలుగు గంటలు," అన్నాడు.

ఆ మాట నమ్మి ఆమె, దిగేసరికి విచ్చుకునేలా, బాగా బిగువుగా ఉన్న మొగ్గని కోసి, కాడకి తడి దూది చుట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టింది.

విమానం పదకొండు వేల కిలోమీటర్లు తూర్పుకి ఎగిరి దిగేసరికి అక్కడ పొద్దున ఎనిమిదైన మాట నిజమే. ఆమె చేతి గడియారంలో మాత్రం సొంతూరి లెక్కన అర్ధరాత్రి పన్నెండున్నరే అయింది. ప్రయాణం పట్టింది పదహారున్నర గంటలే. తూర్పున పొద్దు ముందే పొడుస్తుందన్న సంగతి మరిది లెక్కలోకి రాలేదు. పోటీ ఆ మధ్యాహ్నమే. పెట్టె తెరిస్తే మొగ్గ పిడికిలి బిగించుకుని నిద్రపోతోంది.

ఆమెకి తొమ్మిదేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని ఏడుపొచ్చింది.

"రేకులు వేలితో కాస్త విప్పేద్దామా వదినా?"

"నువ్వు చేసింది చాలు బాబూ. చేతులు కట్టుకుని నిలబడు."

పోటీ హాల్లో ఎండ పడే కిటికీ పక్క బల్ల అడిగి తీసుకుంది. కాడ చివర మళ్లీ ఏటవాలుగా కోసి, గోరువెచ్చని నీళ్లలో నిలిపింది. చల్లారినప్పుడల్లా నీళ్లు మార్చింది. మిగతా బల్లల మీద పువ్వులన్నీ నిండుగా విచ్చి ఉన్నాయి. ఆ పువ్వులవాళ్లు ఈమె మొగ్గని చూసి జాలిగా తలలూపి వెళ్లారు.

మధ్యాహ్నానికి బయటి రేకులు వదులయ్యాయి. న్యాయనిర్ణేతలు అవతలి చివర మొదలుపెట్టారు. ఈమెది ఆఖరి బల్ల. వాళ్లు వచ్చేసరికి ముందే విచ్చిన పువ్వులు హాలు వేడికి అంచులు వాల్చేస్తున్నాయి. ముగ్గురిలో పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుని వంగింది. సరిగ్గా అప్పుడే లోపలి రేకొకటి మెల్లిగా వెనక్కి వాలింది. పసుపు బయటపడింది. దాని వెనకే ఇంకొకటి. పెద్దావిడ కలం పక్కన పెట్టి, కుర్చీ తెప్పించుకుని కూర్చుంది.

మొదటి బహుమతి ఎవరిదో చెప్పగానే హాలంతా చప్పట్లు. వదినకి ఒళ్లంతా సంతోషమే.

"చూశావా వదినా, నా లెక్కే గెలిపించింది," అన్నాడు మరిది, ఛాతీ విరుచుకుని.

"పేరేమని రాయమంటారు?" అని అడిగింది పెద్దావిడ.

"మా నాన్నగారి పేరు..." అని అతను అందుకోబోయాడు.

"మట్టిలో చేతులు పెట్టింది నేను," అంది వదిన. "నా పేరు రాయండి."

అక్షరం అక్షరం పలికి, ఆవిడ రాయడం పూర్తయ్యేదాకా అక్కణ్ణించి కదల్లేదు.