కూలరు పక్కన మేకు

ఆమె పడిపోయినప్పుడు ముందు ఇస్త్రీపెట్టెను లేపారు, ఆ తర్వాతే మనిషిని లేపారు.

ఇది ఇస్త్రీ హాల్లో ఎనభైమంది కళ్ళారా చూసిన సంగతి. మేనేజరు పరుగెత్తుకొచ్చి, చొక్కా కాలిపోతుందని ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టాడు. చొక్కా వెనకాముందూ తిప్పి చూసుకుని, అప్పుడు కిందికి చూసి, "ఎవరైనా నీళ్ళు చల్లండి" అన్నాడు. నీళ్ళు చల్లారు. ఆమె లేవలేదు.

గేటు దగ్గర బోర్డు మీద ఆ పూట వేడి ముప్పై తొమ్మిది డిగ్రీలని సుద్దతో రాసి ఉంది. ఆ అంకె రాసినవాడు మిల్లు గుమాస్తా. చనిపోయిన మనిషి అతని వదిన.

వదినంటే మామూలు వదిన కాదు. తల్లి పోయిన ఏడేళ్ళ పిల్లాడికి తల దువ్వి, పలక చేతికిచ్చి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి. ఆవిడ పుణ్యాన నాలుగు అక్షరాలు ఒంటబట్టి ఇతను గుమాస్తా అయ్యాడు. ఆవిడ మాత్రం రేకుల కప్పు కింద ఇస్త్రీ బల్ల దగ్గరే ఉండిపోయింది.

వేడి నలభై రెండు దాటితే పని ఆపాలన్న ఒప్పందం పోయినేడు పద్నాలుగు రోజులు గేటు ముందు కూర్చుని కార్మికులు సాధించుకున్నది. ఒప్పందం మీద సంతకం పెట్టిన వారానికే మేనేజరు గుమాస్తాను పిలిచాడు. "హాల్లో దుమ్ముకి థర్మామీటరు పాడైపోతోందయ్యా. స్టోరు గదిలోకి మార్చు" అన్నాడు. స్టోరు గదిలో కూలరు ఉంది. దాని పక్కన గోడకి మేకు కొట్టి థర్మామీటరు తగిలించింది గుమాస్తానే. అతని టేబులు కూడా ఆ చల్లటి గదిలోకే మారింది. ఆ తర్వాత రోజూ అది ఎంత చూపిస్తే అంతే రాశాడు. ఒక్క డిగ్రీ తగ్గించలేదు, పెంచలేదు. నేనేం అబద్ధం రాశానని తనకు తానే చెప్పుకునేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

ఆ రోజు పదకొండు గంటలకి వదిన స్టోరు కిటికీ దగ్గరికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒరే చిన్నోడా, ఇవాళ ఎంతుందిరా?"

"ముప్పై తొమ్మిదే వదినా."

"అంతేనా? అయితే నా ఒంట్లోనే ఏదో తేడా చేసిందన్నమాట" అని చీరకొంగుతో మొహం తుడుచుకుని వెనక్కి వెళ్ళింది.

దహనమై మూడు రోజులైనా ఆ మాట అతని చెవిలోంచి పోలేదు.

నాలుగో రోజు సాయంత్రం బడి వరండాలో మీటింగు పెట్టారు. పిలిచింది టీచరమ్మ. ఆవిడకో పిచ్చి ఉందని వాడలో అందరూ నవ్వేవాళ్ళు. భూమి ఎలా వేడెక్కుతోందో జనానికి తెలియాలని, పిల్లల చేత రోజూ పన్నెండింటికి బడి గోడ మీద డిగ్రీలు రాయించేది. ఎండ మండుతోందని చెప్పడానికి బడి దేనికమ్మా, నెత్తి చాలదా అని ఎగతాళి చేసేవాళ్ళు. ఇప్పుడు ఆ గోడనే అందరూ రెప్పెయ్యకుండా చూస్తున్నారు. వదిన పోయిన తేదీకి ఎదురుగా నలభై ఆరు అని ఉంది. బడికీ మిల్లుకీ మధ్య నూరడుగులు కూడా లేవు.

"ఎండాకాలం ఎండ కాయక వెన్నెల కాస్తుందా? ఆ అమ్మాయికి ఆయుష్షు అంతే" అన్నాడు ఒక ముసలాయన.

"మీ చిన్నప్పుడు ఇంత కాసిందా తాతా?" అంది టీచరమ్మ.

"లేదమ్మా. అప్పుడు మిల్లు ముందు తోపుండేది."

"ఆ తోపు నరికి లారీల కోసం సిమెంటు పోశారు. మన తోపొక్కటే కాదు, లోకమంతా ఇదే పని. పొగ పైకి పంపుతున్నారు, చెట్టుని కూలగొట్టి పడేస్తున్నారు. లాభం ఉన్నవాడు చల్లటి గదిలో కూర్చుని, ఆ గది వేడిని వీధిలోకి ఊదుతున్నాడు. వీధిలో ఉన్నది మనం."

"నరికిందెవరమ్మా?" అని మూలనుంచి ఒక గొంతు లేచింది. అది గుమాస్తా వాళ్ళన్నయ్యది, పోయినావిడ మొగుడిది. మిల్లులో బాయిలరు పనివాడు. పెళ్ళాం పోయాక ఆయన నోరు విప్పడం అదే మొదలు. "గొడ్డలి పట్టింది నేను. ఆ కొమ్మలు మోసుకొచ్చి పొయ్యిలో పెట్టింది నా పెళ్ళాం. ఇక్కడున్నవాళ్ళలో ఎవరింటికి రాలేదు ఆ కట్టెలు?"

తిలా పాపం తలా పిడికెడు.

గుండీలు కుట్టే గుండీలక్క లేచింది. ఆవిడ గుసగుసలాడితే పక్క వీధికి వినబడుతుంది, ఇక అరిస్తే చెప్పేదేముంది. "అవును, చెట్లు కొట్టాం! కొట్టనంటే గేటు బయటికి పొమ్మన్నారు. ఆకలి చేతికి గొడ్డలిచ్చి, పాపం మన నెత్తినే రుద్దుతారా? అది సరే, గోడ మీద నలభై ఆరుంటే బోర్డు మీద ముప్పై తొమ్మిదెందుకుంది? అది చెప్పండి ముందు!"

గుమాస్తా తేలు కుట్టిన దొంగలా స్తంభం వెనక నక్కి ఉన్నాడు. పారిపోదామనే అనుకున్నాడు. కానీ కాళ్ళు జనంలోకే నడిచాయి.

"థర్మామీటరు స్టోరులో ఉంది, కూలరు పక్కన. మేకు కొట్టింది నేనే" అన్నాడు. అన్న వైపు తిరిగాడు. "వదిన వచ్చి అడిగింది. ముప్పై తొమ్మిదన్నాను. నా మాట నమ్మి వెళ్ళింది, అన్నా. తన ఒంటినే అనుమానించింది."

అన్న లేచాడు. కొడతాడనుకున్నారు. కొట్టినా బాగుండేది. తువ్వాలు దులుపుకుని, తమ్ముడి పక్కనుంచే వెళ్ళిపోయాడు.

గుమాస్తా కూలబడి ఏడ్చాడు. గుండీలక్క అతని రెక్క పట్టి లేపింది.

"ఏడిస్తే ఎండ తగ్గుతుందా? రేపేం చేస్తావో అది చెప్పు."

"నేను కూడా గోడ మీద రాసుకుంటూ కూర్చున్నాను గానీ గేటు దాకా ఏనాడూ రాలేదు. రేపు వస్తాను" అంది టీచరమ్మ.

మర్నాడు పన్నెండింటికి గుమాస్తా పట్టకారుతో ఆ మేకు పీకాడు. మేనేజరు కేకలేస్తున్నా వినకుండా థర్మామీటరు తీసుకుని ఇస్త్రీ హాల్లోకి నడిచి, వదిన బల్ల పక్క స్తంభానికి అదే మేకు కొట్టి తగిలించాడు. ఎనభైమందీ చుట్టూ మూగారు. పాదరసం ఎక్కుతోంది. నలభై దాటింది, నలభై రెండు దాటింది, ఇంకా ఆగదే!

"నలభై ఏడు!" అని అరిచాడు గుమాస్తా.

"నలభై ఏడు!" అని గుండీలక్క అందుకుంది. ఇక ఊరికి వేరే చెప్పాలా?

ఒక ఇస్త్రీపెట్టె ఆగింది. తర్వాత పది ఆగాయి. తర్వాత హాలంతా ఆగింది. వెనక బాయిలరు గదిలో అన్న మంట ఆర్పి, ఆవిరి కూత తాడు పట్టుకుని లాగి వదల్లేదు. కత్తిరింపు వాళ్ళు, మడతల వాళ్ళు, లారీ హమాలీలు అందరూ ఆవరణలోకి వచ్చారు. బయట టీచరమ్మా పిల్లలూ గేటు మీద అంకె రాస్తున్నారు. మేనేజరు అడ్డం వస్తే ముసలాయన తన చేతిలోని గునపం చూపించాడు.

"నిన్ను పొడవడానికి కాదులే నాయనా. మనం నరికిన చెట్టు ఇక్కడే ఉండేది" అని సిమెంటు మీద మొదటి దెబ్బ వేశాడు. వెంటనే ఇంకో పది గునపాలు పడ్డాయి.

రెండింటికి పోలీసులు వచ్చారు. మేనేజరు తన ఫిర్యాదులో దొంగసొత్తు వివరంగా రాశాడు: థర్మామీటరు ఒకటి, మేకు ఒకటి. మనిషి చావు గురించి అందులో ఒక్క ముక్క లేదు.

గుమాస్తాను ఎక్కించుకుని వ్యాను వాడ మీదుగా పోతోంది. ప్రతి తలుపు మీదా సుద్దతో నలభై ఏడు. బడి పిల్లలు రాసినవి కొన్ని, వంకరటింకరగా పెద్దవాళ్ళు రాసినవి కొన్ని. తమ ఇంటి ముందుకి రాగానే అతను ఊచలు పట్టుకుని లేచాడు. అన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. బాయిలరు ముల్లు చూసి చూసి అంకెలు తప్ప ఇంకో అక్షరం రాని అన్న, సుద్దముక్కతో ఏడు దిద్దుతున్నాడు. వ్యాను వైపు చూడలేదు. క్షమించలేదని తమ్ముడికి తెలుసు. క్షమించమని అడిగే మొహం కూడా తనకి లేదు.

వ్యాను మలుపు తిరిగేసరికి దూరంగా ఊరవతలున్న నూలు మిల్లు కూత మొదలైంది. ఎంతకీ ఆగలేదు.

కానిస్టేబులు చెమట తుడుచుకుంటూ వాచీ చూసుకున్నాడు. "షిఫ్టు దిగే టైం కాలేదు కదా. ఎందుకు కూస్తోంది?"

"అక్కడ కూడా ఎవరో మేకు పీకినట్టున్నారు" అన్నాడు గుమాస్తా.