బుట్టతో పరిగెత్తే ఆవిడ

"వాన పడుతుందని నాకెవరు చెప్పారు?" అన్నాడు ఉబాల్దో, సోఫాలోంచి లేవకుండానే.

డాబా మీద మూడు తీగల నిండా ఆరేసిన బట్టలు నీళ్లోడుతున్నాయి. నూరిస్ వాటిని మళ్లీ పిండి, మళ్లీ ఆరేసి కిందికి దిగింది. ఈ వారంలో ఇది మూడోసారి. బరాంకియా ఊళ్లో వాన పడిందంటే వీధులే ఏరులవుతాయి. ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాల్సిందే. ఆమె ఆఫీసేమో ఊరికి ఆ చివర. నీళ్లు తీసేదాకా అక్కడే కూర్చుని ఇంటికొస్తే ఇదీ సంగతి. పొద్దున బస్సు తోలి మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరే మొగుడు ఉబాల్దో, రోజంతా ఊగుడు కుర్చీ వదలని అత్తగారు సెనోబియా. ఇద్దరికిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. పద్నాలుగు మెట్లెక్కడం మాత్రం ఎవరికీ చేతకాలేదు.

"ఫోన్‌కి కబురు రాలేదా?"

"రాలేదు. మీ యాప్ అంతంత మాత్రమేలే."

అది అబద్ధమని ఆమెకు తెలుసు. నూరిస్ పని చేసేది వాతావరణం చెప్పే ఒక చిన్న యాప్ కంపెనీలో. తెరమీద బొమ్మలు, వాటి ఆటపాటలు ఆమెవే. మధ్యాహ్నం రెండుంపావుకి వాన కబురు ప్రతి ఫోన్‌కీ వెళ్లడం కళ్లారా చూసింది. మరి ఎందుకు అబద్ధమాడుతున్నాడు? పది రోజులుగా ఫోన్ బోర్లా పెడుతున్నాడు. మొన్న ఆదివారం సరిగ్గా రెండింటికి స్నానాల గదిలోంచి కిసుక్కున నవ్వాడు. ఆమె దగ్గరికొస్తే బొటనవేలు ఆగిపోతుంది. అత్తగారు కూడా కొడుకు వంక చూసి ముసిముసిగా నవ్వుతోంది, అంటే ఆవిడకీ తెలుసన్నమాట. ఎవరది? రోజూ బస్సులో ముందు సీట్లో కూర్చుంటుందని అతనే చెప్పిన ఆ నర్సా? నిన్న చొక్కా ఉతకబోతూ కాలరు వాసన చూసింది నూరిస్. డీజిల్ వాసన తప్ప ఏమీ లేదు. వాసన చూశాక ఆ చొక్కా మళ్లీ తనే ఉతికింది. మొగుడి మోసానికి సాక్ష్యం వెతకాలన్నా అతని బట్టలు తనే ఉతకాలి కాబోలు అనుకుంటే ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆఫీసులో యజమాని ఫాబియాన్ ఎదురొచ్చి చేతులు పట్టుకుని ఊపేశాడు.

"నూరిస్, మీ దోన్యా పెపా అదరగొట్టేసింది! జనం వదలట్లేదు!"

దోన్యా పెపా అంటే నూరిస్ గీసిన బొమ్మే. వాన రాబోతుంటే తెరమీద ఒక డాబా, బట్టల తీగ, జుట్టుకు రోలర్లు చుట్టుకున్న ఒకావిడ వస్తారు. వేలితో తడితే ఆవిడ బుట్ట పట్టుకుని పరిగెడుతుంది. ఒక్కో తట్టుకీ ఒక్కో బట్ట తీగ మీంచి బుట్టలో పడుతుంది. ముందు మూడు వందల ఇళ్లకే పంపి చూస్తున్నారు. అందులో తమ ఇంటినీ తనే చేర్చింది, నూట పదిహేడో నంబరుగా.

ఫాబియాన్ చూపించిన జాబితాలో అన్నిటికన్నా పైన ఉన్నది నూట పదిహేడే. నిన్న రెండుంపావు నుంచి మూడు దాకా రెండు ఫోన్ల నుంచి నాలుగు వందల పన్నెండు తట్లు.

"సోమవారం అందరికీ వదిలేద్దాం. ఇంకాస్త వేగంగా పరిగెత్తించండి. ఆ చెమట చుక్కలు తీసేయండి, సరదా చెడుతోంది."

నూరిస్‌కి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అయితే ఇంకో ఆడది ఉన్న మాట నిజమే. జారిపోతున్న రోలర్లను ఒక చేత్తో పట్టుకుని, ఒంటి చెప్పుతో మెట్లెక్కే ఆ మనిషి తనే. తన పరుగునే తను గీసింది. గీసిన రోజు అందరితో పాటు పగలబడి నవ్వింది కూడా.

సాయంత్రం ఇంట్లో ఉడికించిన యూకా దుంపలు వడ్డిస్తూ మామూలుగానే అడిగింది.

"నిన్న బట్టలన్నీ తడిశాయిగా?"

"తడవడమేంటి? ఒక్కటీ తడవనివ్వలేదు! అమ్మకంటే ముందే తీగంతా ఖాళీ..." అని నాలుక్కరుచుకున్నాడు ఉబాల్దో.

అత్తగారు వెనకేసుకొచ్చింది. "ఏదో సరదాకి ఆడుకుంటున్నాంలే. అయినా ఆ పిల్ల ఎంత బుద్ధిమంతురాలో! తట్టగానే లేస్తుంది. విసుక్కోదు, ఎదురు చెప్పదు."

నూరిస్ యూకా తినేసి, తన కంచం ఒక్కటే కడుక్కుంది. నర్సు లేదని తెలిశాక తేలికపడాల్సిన మనసు ఇంకా బరువెక్కింది.

శుక్రవారమంతా కూర్చుని దోన్యా పెపాను మళ్లీ గీసింది. చెమట చుక్కలు తీయలేదు. ఆ మూడు వందల ఇళ్లకు కొత్త బొమ్మ పంపే పని ఆమెదే. ఫాబియాన్‌కి ఏం జవాబు చెప్పాలో సోమవారం చూసుకోవచ్చు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి మబ్బు కమ్మింది. అత్తగారు పక్కింటికి వెళ్లింది. నూరిస్ ఆవిడ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతోంది. డాబా మీద మూడు తీగలూ నిండుగా ఉన్నాయి. ఉబాల్దో ఫోన్ మోగింది. తట్టాడు. మళ్లీ తట్టాడు. రెండు బొటనవేళ్లతో టకటకా కొట్టాడు.

"నూరిస్, మీ యాప్ పాడైంది. ఈవిడ లేవట్లేదు."

పైన మొదటి చినుకులు పడిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అతను ఆమె వంక చూశాడు. ఆమె ఇంకో గుక్క తాగింది.

"పాడవలేదు," అంది నూరిస్, కుర్చీ ఊగుతూ. "కూర్చుంది."