ఆదివారం వచ్చిన ఫోను

టీలో అల్లం ఎక్కువైపోయిందేమో, సవరమ్మకి ఘాటు పడుతుందో లేదో, అడగాలంటే ముందుగదిలోకి వెళ్ళాలి, వెళితే ఆవిడ మొహం చూడాలి, కొడుకుని పాతిపెట్టి ఇరవై రోజులు కాలేదు, ఊరి ఆ చివర సోనారి నుంచి ఎండలో ఆటో ఎక్కి ఈ చివర బర్మామైన్స్‌లో మా ఇంటి దాకా వచ్చింది, ప్రభుకిరణ్ ఎలా పోయాడో మా హరి నోట వినాలని, హరి తప్ప చెప్పేవాడు ఈ భూమ్మీద లేడు, ఇద్దరూ ఒకే గ్రౌండులో పరుగులు తీసి ఒకే రోజు సైన్యంలో చేరారు, ఒకే విమానంలో ఆఫ్రికా వెళ్ళారు, ఆ దేశం వాళ్ళు తమలో తాము కొట్టుకు చస్తుంటే మధ్యన శాంతిసేనగా నిలబడాలట మన పిల్లలు, ఆ కొట్టుకునేవాళ్ళలో ఒక గుంపు నీళ్ళ లారీని ఆపి వీళ్ళిద్దర్నీ పట్టుకుపోయింది, ఇద్దరూ తప్పించుకున్నారు, ఒక్కడే వచ్చాడు, నావాడు, పాలు పొంగుతున్నాయి, మంట తగ్గించాను, తలుపు పక్కన నిలబడితే అన్నీ వినిపిస్తాయి, బావూ, పరుగులో మావోడు ఎప్పుడూ నీ యెనకే కదా, బద్దకపు ఎదవ, ఆఖరికి నీ చేత మోయించుకున్నాడట, ఎంత బరువున్నాడేటి, అని నవ్వబోయింది సవరమ్మ, నహీఁ ఆంటీ, హల్కా హో గయా థా, అన్నాడు హరి, తేలికైపోయాడట, ఆరడుగుల పిల్లాడు, మా ఇంటికొస్తే ఆరు చపాతీలు తిని ఇంకోటుందా అత్తా అనేవాడు.

చెప్తున్నాడు, నాకు కూడా ఇంతవరకు చెప్పనివి చెప్తున్నాడు, రేకుల షెడ్డులో పెట్టారట, వాన హోరులో రేకు బోల్టులు ఊడదీసుకుని బయటపడ్డారట, పరిగెడుతుంటే ప్రభు పిక్కలో తూటా దిగింది, చొక్కా చింపి కట్టు కట్టి నడిపించాడు, మర్నాడు ఒక ఊరి పొలిమేరలో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకునే ఆవిడ నీళ్ళిచ్చింది, తన ఫోను కూడా ఇచ్చింది, ఫోను దొరికిందా బావూ, సవరమ్మ గొంతు పైకి లేచింది, మరి ఎవులికీ సెయ్యనేదేటి, దాంట్లో బాలెన్సు కొంచెమే ఉంది ఆంటీ, అన్నాడు హరి, నాకు నోటికొచ్చిన నంబరు మమ్మీదొక్కటే, లగాయా థా, చేశాను గాని కలవలేదు, నెట్‌వర్క్ లేదక్కడ, సండే థా ఉస్ దిన్.

ఆదివారం, ఆదివారం నేను పెరట్లో రోహు చేప తోముతున్నాను, చేతులనిండా పొలుసు, ఫోను మోగింది, ముందు ప్లస్ గుర్తు, ఎక్కడిదో వింత నంబరు, పక్కింటి పైడమ్మకి నెల కిందట ఇలాగే వచ్చింది, నీ కొడుకు పోలీసులకి దొరికిపోయాడని ఎవడిదో ఏడుపు వినిపించి ఉన్నదంతా ఊడ్చుకుపోయారు, గొంతు కూడా నకలు చేస్తారు మమ్మీ, కాట్ దేనా, కట్ చేసెయ్, అని మా అమ్మాయి సోనీ నాకు పాఠంలా చెప్పింది, మోచేత్తో నొక్కి ఎత్తాను, గరగర, గాలి, అమ్మా, మమ్మల్ని పట్టుకున్నారు, తప్పించుకున్నాం, ఎక్కడున్నామో చెప్తాను, జల్దీ రాసుకో, అంతే విన్నాను, నీయమ్మ కడుపు కాలిపోనూ, నా కొడుకు మిలట్రీలో ఉన్నాడ్రా, ఆడ్ని అట్టుకునే మొగోడున్నాడేటి, ఫోనెట్టెయ్, అని కట్ చేశాను, మళ్ళీ మోగింది, సోనీ వచ్చి బ్లాక్ చేసింది, శభాష్ మమ్మీ అంది, నేను మురిసిపోయాను, మర్నాడు సాక్చిలో కూరలు కొంటూ పైడమ్మతో చెప్పుకుని నవ్వాను, వాడు దగ్గితే టీబీ అనుకున్న దాన్ని, ట్రైను గంట ఆలస్యమైతే పట్టాలు తప్పిందని ఏడ్చిన దాన్ని, బతుకంతా భయపడిన దాన్ని, నిజంగా భయపడాల్సిన ఆ ఒక్క నిమిషం నాకు భయం వెయ్యలేదు, ఎలా వేస్తుంది, శనివారమే సైన్యం ఆఫీసు నుంచి మా ఆయనకి కబురొచ్చింది, పిల్లల్ని పట్టుకుపోయారని, ఇది వింటే దీని గుండె ఆగిపోతుందని నాకు చెప్పలేదు, డబుల్ డ్యూటీ అని అబద్ధం చెప్పి సవరమ్మ ఇంట్లో కూర్చున్నాడు, హరి శిబిరం చేరాకే చెప్పాడు, వచ్చాక హరిని అడిగాను కూడా, ఒక్క ఫోనైనా సెయ్యలేకపోయావేట్రా అని, ఫోను దొరకలేదమ్మా అన్నాడు, అంతే, తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు, నా ఫోను మోగితే లేచి సందులోకి వెళ్ళిపోతాడు, చప్పుడు పడట్లేదు కాబోలు అనుకున్నాను, డాక్టరుకి చూపిద్దామనుకున్నాను.

ఆదివారం తరవాత రెండు రోజులు మోశాడట హరి, మంగళవారం తెల్లారి, శిబిరం ఇంక పూటదూరం ఉందనగా పోయాడట ప్రభు, ఒక్క రోజు ముందు తెచ్చుంటే కాలు తీసేసైనా బతికించేవాళ్ళం అన్నారట అక్కడి డాక్టరు, ఒక్క రోజు, నేను రాసుకుని ఉంటే, సవరమ్మకి ఫోను చేసి ఉంటే, ఆవిడ కేకకి ఆఫీసు ఆఫీసంతా లేచేది, పోన్లే బావూ, అంటోంది సవరమ్మ, నెట్‌వర్కు నేకపోతే నువ్వేటి సేత్తావు, నీ మీద నాకేటీ నేదు, అన్నం సరిగ్గా తిను, మీ అమ్మ బెంగెట్టుకుంటాది, హరి కుర్చీ కిర్రుమంది, ఇక్కడ నిలబడి ఊరుకోవచ్చు నేను, ఎవరికీ తెలియదు, వాడు చెప్పడు, చచ్చినా చెప్పడు, చెబితే ఆవిడ నా జుట్టు పట్టుకుంటుంది, వాళ్ళ చర్చిలో, సాక్చి బజార్లో, నీళ్ళ కుళాయి దగ్గర, అదిగో ఆ మనిషే అంటారు, అనరా మరి, వచ్చే ఏడు, పై ఏడు, ఎవరు అడిగినా వాడు కలవలేదనే చెప్పాలి, చచ్చిన స్నేహితుడి తల్లి కళ్ళలోకి చూసి చెప్పాలి, అక్కడ రేకుల షెడ్డులోంచి బయటపడ్డాడు గాని నా బిడ్డ ఇక్కడ దొరికిపోయి ఉన్నాడు, నా దగ్గర, నా పరువు దగ్గర, బోల్టులు ఊడదీయాల్సింది నేనే, ముందుగదిలోకి వచ్చాను, హరి నా మొహం చూసి లేచి నిలబడ్డాడు, మమ్మీ, మత్ బోలో, చెప్పొద్దు, అన్నాడు, సవరమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను, వొదినా, ఫోను కలిసింది.