తుమ్ము ఫోటోకి తాళం

పెళ్లైన పదకొండో రోజున మా ఆయన వంతెన కట్టే పనికి తిరిగి వెళ్లిపోయారు. అప్పటినుంచి ఇంట్లో నేనూ, రెండు దిండ్లూ. ఆదివారం ఫోన్ చేస్తారు.

"తిన్నావా?"

"తిన్నాను. మీరు?"

"ఊఁ."

అంతే. నేను అసలు గుర్తొస్తున్నానా అని అడగడానికి నోరు రాదు.

పగలు చినమావయ్యగారి ఫోటో స్టూడియోలో పని. పన్నెండేళ్ల ఫోటోలన్నీ క్లౌడ్‌లో ఖరీదైన చోటే పడి ఉన్నాయి.

"చవగ్గా ఉండాలి, భద్రంగానూ ఉండాలి అమ్మాయ్."

"అవ్వా కావాలి, బువ్వా కావాలంటే ఎలా మావయ్యా?"

"కొత్త కోడలివి, నువ్వడిగితే రెండూ వస్తాయిలే."

నిజంగానే వచ్చాయి! ఏడాదిగా ఎవరూ తెరవని ఫోటోలు చవక నిల్వలోకి పంపాను. అక్కడినుంచి తీయాలంటే ఒక పూట పడుతుంది, ఫర్వాలేదు. కస్టమర్ల నంబర్లున్న డేటాబేస్‌కి రోజూ ఒక నకలు, పాస్‌వర్డ్ పైన ఇంకో తాళం. ఇక మిగిలింది లింకులు. పాత లింకు చేతిలో ఉంటే ఎవరైనా ఆల్బమ్ చూసేయొచ్చు.

ఏవి తెరుస్తున్నారో చూస్తుంటే మా పెళ్లి ఆల్బమ్ కనబడింది. అందులో ఒకే ఒక్క ఫోటోని ఎవరో రోజూ ఒంటిగంట పదికి తెరుస్తున్నారు. నేను కళ్లు మూసి, నోరు తెరిచి తుమ్మబోతున్న ఫోటో! తీసేయమని ఆనాడే మొత్తుకున్నాను.

"ఎవరో పనిలేనివాళ్లు నన్ను చూసి నవ్వుకుంటున్నారు మావయ్యా."

"ఆ లింకు చుట్టాలందరి దగ్గరా ఉంది. తాళం వేసెయ్."

వేసేశాను. ఇక మేం తాళంచెవిలా ఒక కొత్త లింకు పంపితేనే ఏ ఆల్బమైనా తెరుచుకుంటుంది. చినమావయ్య భోజనానికి వెళ్లారు. జంటల ఫోటోలు తీసే బెంచీ మీద, ఓ చివర కూర్చుని, ఒక్కదాన్నే డబ్బా మూత తీశాను.

ఒంటిగంట పన్నెండుకి ఫోన్. మా ఆయన! పగలు ఎప్పుడూ చేయరు.

"ఆ ఫోటో రావట్లేదేంటి?"

"ఏ ఫోటో?"

"అదే... నీ తుమ్ము."

డబ్బా పక్కన పెట్టేశాను. అవతల యంత్రాల మోత. ఎవరో "సార్, అన్నం చల్లారిపోతోంది" అంటున్నారు.

"అన్ని ఫోటోలుండగా అదేంటండీ?"

"మిగతావాటిలో కెమెరాని చూస్తున్నావు. అందులో తుమ్మొచ్చి నా చెయ్యి పట్టుకున్నావు."

"తాళం వేశాను. చెవి పంపాలి."

"ఎంతసేపు పడుతుంది?"

అర నిమిషం చాలు.

"చాలాసేపు పడుతుందండీ," అన్నాను, బెంచీ మధ్యకి జరుగుతూ. "లైన్లోనే ఉండండి."