రెండో సంచి

ఖోఖో ఫైనల్‌కు గీతలు గీయాలి, సున్నం తెప్పించండి అని సంగప్ప సారు రాసిచ్చిన చీటీ కరస్పాండెంట్ కామరాజు గారి టేబుల్ మీద ఎనిమిది రోజులు పడుకుంది. తొమ్మిదో రోజున "ఈసారికి సర్దుకోండి మాస్టారూ" అన్న మాటతో వెనక్కి వచ్చింది.

సంగప్ప సారుకు ఒళ్ళు మండింది. మండదా మరి? పదకొండేళ్ళుగా సర్దుకోవడమే ఆయన ఉద్యోగం. చిరిగిన వాలీబాల్ నెట్టును చేపలు పట్టేవాళ్ళ దారంతో తానే కుట్టుకున్నాడు. హై జంపుకు అడ్డకర్ర లేకపోతే కొబ్బరితాడు కట్టించాడు. లెక్కల సారుకు సిలబస్ అవలేదంటే ఆటల పీరియడ్ ఇచ్చేశాడు, సైన్సు టీచరుకు జ్వరమొస్తే ఆ క్లాసులో కూర్చున్నాడు. పటాన్‌చెరు నుంచి పాశమైలారం పోయే దారిలో ఇన్ని ప్రైవేటు స్కూళ్ళున్నాయి కదా, ఆటల సారు అంటే ఎక్కడైనా ఇంతే. వానాకాలం గొడుగులాంటివాడు, అవసరానికి తీస్తారు, మూలకు పెడతారు.

కానీ ఈసారి సంగతి వేరు. తొంభై ఆరు జనవరిలో జోనల్ ఖోఖో పోటీలు మొదటిసారి వాళ్ళ గ్రౌండులోనే జరుగుతున్నాయి. కామరాజు గారు ఆయన్ని గదిలోకి పిలిచి, ఎంతో మర్యాదగా, టీ కూడా ఇప్పించి మరీ చెప్పారు.

"కప్పు మన బీరువాలోకి వస్తే సంతోషం. రాలేదనుకోండి, జూన్‌లో ఆ గ్రౌండులో ఇంటర్ బ్లాకు లేపేస్తాం. గ్రౌండు లేని స్కూలుకి ఆటల మాస్టారు దేనికండీ? మీరే చెప్పండి."

ఏం చెబుతాడు? టీ తాగి వచ్చేశాడు. గ్రౌండు పోతే తన ఉద్యోగం ఒక్కటే కాదు, ఆట కోటాలో ఫీజు లేకుండా చదువుతున్న ముత్యం చదువు కూడా పోతుంది. ముత్యం తొమ్మిదో తరగతి. వాళ్ళమ్మ మొగులమ్మ పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పీపాలు కడుగుతుంది. ఆ పిల్ల పరుగెత్తుతుంటే నీళ్ళలో చేపపిల్ల తిరిగినట్టుంటుంది. అలాంటి పిల్ల పదేళ్ళకొకతి దొరికితే గొప్ప.

అందుకని సంగప్ప సారు సున్నం సంగతి తానే చూసుకున్నాడు. ఆయన బామ్మర్ది యాదన్న ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మెన్. ఆ ఫ్యాక్టరీ గోడ వెనక పారేసిన సంచుల కుప్ప ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అక్కడినుంచి సంచులు, డ్రమ్ములు మోసుకుపోతూనే ఉంటారు.

"సున్నం శానున్నది బావా, తీస్కపో," అన్నాడు యాదన్న. "నీలి దారం కుట్టున్న సంచులే తియ్యి. ఎర్ర దారం జోలికి మాత్రం పోకు."

ఒక సంచికి నీలి దారం ఉంది. రెండో సంచి మూతి అప్పటికే విప్పి ఉంది, ఏ దారమూ లేదు. చూస్తే తెల్లగానే ఉంది. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే లోకం కదా ఇది, సంగప్ప సారు రెండూ సైకిలు మీద వేసుకుని వచ్చేశాడు.

పోటీల ముందురోజు సాయంత్రం చిల్లులు పొడిచిన డబ్బాతో గీతలు వేశాడు. బడి వైపు పోలు దగ్గర మొదలుపెట్టి సగం గ్రౌండు అయ్యేసరికి మొదటి సంచి ఖాళీ అయింది. రోడ్డు వైపు సగం రెండో సంచితో గీశాడు. ఈ పొడి ఇంకా తెల్లగా మెరుస్తోంది. పని అయ్యాక నల్లా దగ్గర చేతులు కడుక్కుంటే వేళ్ళ మధ్య సబ్బు రాసినట్టు జారుడు. మూడుసార్లు కడిగినా పోలేదు. మంచి సరుకు, జిడ్డుంది, గాలికి లేవదు అనుకుని మురిసిపోయాడే తప్ప ఆ జారుడేమిటని ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆయన కాళ్ళకు బూట్లున్నాయి. ఖోఖో ఆడే పిల్లలవి వట్టి కాళ్ళు.

పొద్దున మంచు కురిసి నేల తడిగా ఉంది. సెమీఫైనల్ గెలిచి వచ్చిన ముత్యం ఒక పాదం మీద ఇంకో పాదం రుద్దుకుంటూ నిలబడింది.

"సార్, కాళ్ళు మంటలేస్తున్నయ్. గా రోడ్డు దిక్కు పోతే ఎక్కువైతుంది."

"కొత్త మన్ను పోసిన గద బిడ్డా, గట్లనే ఉంటది. ఫైనల్ ముందట కాళ్ళ మీద మనసు వెట్టకు," అన్నాడు సంగప్ప సారు.

ముత్యం తలూపి జట్టు దగ్గరికి పోయింది. సారు మాట అంటే ఆ పిల్లకు వేదం.

ఫైనల్ బొంతపల్లి జట్టుతో. గ్రౌండు చుట్టూ జనం. షామియానా కింద కామరాజు గారు, పక్కన తెల్లబట్టల పెద్దమనుషులు, ముందున్న బల్ల మీద కప్పు. రెఫరీ సర్కారు బడి నర్సన్న సారు. నిక్కచ్చి మనిషి, సొంత తమ్ముడు ఆడుతున్నా ఫౌల్ ఇచ్చే రకం. ఆఖరి తొమ్మిది నిమిషాలు మొదలయ్యాయి. బొంతపల్లి పిల్లలు తరుముతున్నారు, సంగప్ప సారు పిల్లలు తప్పించుకుంటున్నారు. మూడు నిమిషాలు మిగిలేసరికి బొంతపల్లికి గెలవడానికి ఇంకా రెండు పాయింట్లు కావాలి. దిగిన ముగ్గురిలో ముత్యం ఒక్కతే మిగిలింది. ఆ పిల్ల నిలబడితే చాలు, కప్పు వచ్చినట్టే.

సంగప్ప సారు చేతిలో స్టాప్‌వాచీ చెమటకు జారుతోంది. ఆయన కన్ను ముత్యం పాదాల మీదే ఉంది. ఎప్పుడూ మునివేళ్ళ మీద పరుగెత్తే పిల్ల ఇప్పుడు మడమలు వేస్తోంది. రోడ్డు వైపు పోలు దగ్గర కూర్చున్న బొంతపల్లి పిల్ల ఒకతి పళ్ళు బిగబట్టి అరికాలు పైకి లేపింది. రోడ్డు దిక్కు కూర్చున్న ఇంకో పిల్లా అంతే. బడి వైపు కూర్చున్నవాళ్ళు మాత్రం కదలడం లేదు. రోడ్డు దిక్కు గీసింది రెండో సంచితో. తెలియనట్టు నటించడం ఇంక కుదరలేదు.

"సార్."

పక్కన మొగులమ్మ. డ్యూటీ దిగి, కూతురి ఆట మొదటిసారి చూద్దామని నేరుగా వచ్చినట్టుంది. ఫ్యాక్టరీ చీర మీదే ఉంది. వంగి గీత మీద పొడి చిటికెడు తీసుకుంది, ఉమ్మి తడి చేసి రెండు వేళ్ళ మధ్య రుద్దింది. ఆ వేళ్ళు సంగప్ప సారు అంతకు ముందు ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. కొసల మీద చర్మం ఊడిపోయి, లేత ఎరుపుగా, గీతలన్నవే లేకుండా నున్నగా ఉన్నాయి.

"ఇది సున్నం గాదు సార్. మా కాడ పీపాలు కడగనీకె కలిపే సోడ. గ్లౌజులు లేకుంటె మమ్ముల ముట్టనియ్యరు. అవి ఇయ్యక ముందు ముట్టినందుకే నా చేతులు గిట్లయినయ్."

సంగప్ప సారు వాచీ చూశాడు. రెండు నిమిషాల పది సెకన్లు. రెండు నిమిషాలే కదా, అంది మనసులో ఒక గొంతు. రెండు నిమిషాల్లో కొంప మునుగుతుందా? అయ్యాక కడిగేయొచ్చు, ఎవరికీ తెలియదు. సిగ్గులేని గొంతు అది. ఆయనదే.

"ఆట ఆపితే ఓడిపోతరా సార్?" అడిగింది మొగులమ్మ.

"మనం ఆపితే మనమే ఓడినట్టు."

"మరి దీని చదువు?"

మొగులమ్మ కూతురి వైపు చూసింది. ముత్యం అప్పుడే రోడ్డు వైపు పోలు చుట్టూ తిరుగుతోంది.

"జెర జల్దీ ఆపుండ్రి సార్," అంది.

ఆట నడుస్తుండగా విజిల్ వేసే హక్కు రెఫరీదే, కోచ్‌ది కాదు. ఆ సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అయినా మెడలోని విజిల్ నోట్లో పెట్టుకుని ఊపిరంతా పెట్టి ఊదాడు.

ఆ గ్రౌండుకు రోడ్డు వైపు గోడ లేదు. పొద్దస్తమానం ట్యాంకర్లు, లారీలు పోతుంటాయి. అందుకే మొదటిరోజు నుంచీ పిల్లలకు ఒక్కటే నేర్పాడు. నా విజిల్ వినబడితే కాలు గాల్లో ఉన్నా సరే, అక్కడే ఆగాలె. ముత్యం ఆగింది. ఎలా పరుగెత్తుతోందో అలాగే శిలలా నిలబడిపోయింది. వెనకాల వస్తున్న బొంతపల్లి పిల్ల ఆ ఊపులోనే వచ్చి వీపు మీద తట్టింది. జనం గొల్లుమన్నారు.

"సంగప్పా, ఏంది నువ్వు జేసే పని?" నర్సన్న సారు పరుగెత్తుకొచ్చాడు.

"పిల్లలను గీతల మీదికెల్లి తియ్యి నర్సన్నా. రెండు జట్లను గూడ. గీతలల్ల మందున్నది. నేనే పోసిన."

ఆ మాట షామియానా దాకా వినబడింది. తర్వాత అంతా ఉరుకులు పరుగులు. ఎవరో నీలి రంగు డ్రమ్ముతో నీళ్ళు దొర్లించుకొచ్చారు. సంగప్ప సారు చెంబు ముంచబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ డ్రమ్ము కూడా ఫ్యాక్టరీ వెనక కుప్పలోదే. దాన్ని కాలితో పక్కకు తన్ని పిల్లలందరినీ తాగే నీళ్ళ ట్యాంకు దగ్గరికి తీసుకుపోయాడు. బొంతపల్లి పిల్లలను ముందు కూర్చోబెట్టి, వాళ్ళ సారుకు ఒక బకెట్ అప్పగించాడు. పావుగంట ఆపకుండా పొయ్యాలి, తమ ఫ్యాక్టరీలో అంతే చేస్తారు అని మొగులమ్మ చెప్పింది. ఆ తర్వాతే జీపులో ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నర్సన్న సారు వచ్చి తల దించుకుని చెప్పాడు. కోచ్ ఆట ఆపాడు, పైగా గ్రౌండు తప్పు హోస్టు స్కూలుది. కప్పు బొంతపల్లికి.

"రాసెయ్యి," అన్నాడు సంగప్ప సారు.

కామరాజు గారు చెప్పులు తడవకుండా కాస్త దూరంగా నిలబడ్డారు. గొంతు తగ్గించి మాట్లాడారు.

"రెండు నిమిషాలు ఓపిక పట్టాల్సింది మాస్టారూ. ఆట అయ్యాక నెమ్మదిగా చూసుకునేవాళ్ళం కదా. పోనీ, షాపువాడు కల్తీ సున్నం అంటగట్టాడని అందాం. మీకూ మంచిది, స్కూలుకీ మంచిది."

"ఏ షాపండి? మీరు చీటీ మీద సంతకం వెట్టలేదు గద. ఊరికె దొరుకుతుందని నేనే కుప్పలకెల్లి తెచ్చిన. ఎవలు అడిగినా గిదే చెప్త." యాదన్న పేరు మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని కామరాజు గారు నిట్టూర్చారు. "సరే. జూన్ దాకా ఎందుకులెండి, ఈ నెలాఖరుకే చూసుకుందాం." అని షామియానా వైపు నడిచారు. కప్పు ఇవ్వడానికి పెద్దమనుషులు ఎదురుచూస్తున్నారు.

సంగప్ప సారు ముత్యం ముందు నేల మీద గొంతుకూర్చుని ఆ పిల్ల పాదం చేతిలోకి తీసుకున్నాడు. ముత్యం బెదిరిపోయి కాలు వెనక్కి లాక్కుంది.

"వద్దు సార్. మీరు నా కాళ్ళు వట్టుకునుడేంది? పాపం తగుల్తది."

"కదలకు," అన్నాడాయన.

అరికాలు ఎర్రగా పొంగి, వేళ్ళ సందుల్లో తెల్లగా ఉడికినట్టుంది. చెంబుతో నీళ్ళు పోస్తూ వేలితో మెల్లగా తాకాడు. జారుడు. నిన్న సాయంత్రం నల్లా దగ్గర తన వేళ్ళ మధ్య తగిలిన అదే జారుడు. మొగులమ్మ బకెట్లు నింపి తెచ్చి పెడుతోంది. షామియానా వైపు చప్పట్లు వినబడ్డాయి.

"సార్," అంది ముత్యం కాసేపటికి. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకు కొంచెం తేలికగా ఉండేది. "పొద్దుగాల నేను చెప్పినప్పుడే విజిల్ ఊదితే అయిపోతుండె గద సార్."

సంగప్ప సారు చెంబు ముంచి రెండో పాదం మీద నీళ్ళు పోశాడు.