సరే అన్నాకే సూది

నా నోరు మంచిది కాదని మా ఇంటిల్లిపాదీ అంటారు. నోటి సంగతి ఎలా ఉన్నా, పోయిన వారం నేను చేసిన పని మాత్రం నిజంగానే మంచిది కాదు. ఐదేళ్ల మనవరాలిని బొమ్మలు చూద్దాం పద అని ఆసుపత్రికి తీసుకెళ్లాను. సూది చూసి అది గింజుకుంటే కాళ్లు పట్టుకున్నదీ నేనే. సూదీ ఎక్కలేదు, ఆ సూదితో నరంలోకి మందు ఎక్కితే గానీ తియ్యని కిడ్నీల స్కానూ జరగలేదు. అప్పట్నుంచీ ఆ పిల్ల నా ఒళ్లోకి రావడం మానేసింది.

ఇవాళా కుదరకపోతే మత్తిచ్చి చెయ్యాలన్నారు. ఆయాసం ఉన్న పిల్లకి మత్తంటే డాక్టరే వెనకాడుతున్నాడు.

ఈసారి వచ్చిన నర్సమ్మ ఊదితే ఎగిరిపోయేట్టుంది. ఈవిడేం చేస్తుందిలే అనుకున్నాను. వచ్చీ రాగానే నేలమీద చతికిలబడి, పిల్ల చేతికి గుడ్డబొమ్మ, సూది లేని సిరంజి, కాస్త దూది ఇచ్చింది. మా పిల్ల బొమ్మకి మూడు ఇంజెక్షన్లు పొడిచి, నాలుగోది నాకు పొడిచింది. కక్ష తీరాలిగా మరి!

తరవాత నరంలోకి పెట్టే సన్నటి గొట్టం చూపించి, పెట్టేటప్పుడు నొప్పి పుడుతుందనీ, ఐదు లెక్కపెట్టేలోపు అయిపోతుందనీ, ఏడవొచ్చు గానీ చెయ్యి కదపకూడదనీ చెప్పేసింది. నువ్వు సరే అన్నాకే సూది, అంది. నాకు ఒళ్లు మండింది. పసిపిల్లతో ఆ మాటలేంటని కస్సుమన్నాను. ఇంకా ఎంతసేపని స్కాన్ గది ఆయన రెండుసార్లు తొంగిచూస్తే, ఆవిడ రెండుసార్లూ చేత్తోనే వెనక్కి పంపింది.

అప్పుడు మనవరాలు నావైపు తిరిగింది.

"నిజంగా నొప్పి పుడుతుందా అమ్మమ్మా?"

లేదు తల్లీ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది! మింగేశాను.

"పుడుతుంది. పోయినసారి నీకు అబద్ధం చెప్పాను. తప్పు నాదే."

అది నన్ను ఎగాదిగా చూసింది. చెయ్యి చాపి, నర్సమ్మతో సరే అంది. సూది దిగుతుంటే కన్నీళ్లు జలజలా రాలాయి, చెయ్యి మాత్రం రవ్వంత కదల్లేదు. నర్సమ్మ నాలుగు అనేసరికి గొట్టం నరంలో నిలిచి, సూది బయటికొచ్చేసింది. పోయినసారి ముగ్గురం కలిసి పట్టుకోలేకపోయిన పిల్ల ఇది! ఆ నర్సమ్మకి చేతులెత్తి మొక్కాలనిపించింది.

స్కాన్ గది గుమ్మంలో మనవరాలు మళ్లీ ఆగింది. లోపలి మిషన్ కూడా నొప్పి పెడుతుందా అని అడిగింది. నర్సమ్మ జవాబు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు కాదు. అమ్మమ్మ చెప్పాలి."

ఆ మిషన్ సంగతి నాకేం తెలుసు! ముందు నర్సమ్మని అడిగి తెలుసుకున్నాను. అప్పుడు చెప్పాను.